మల్లెలరాజును లేపేదెవరు?

ఆ మంగళవారం పొద్దున ఆశన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి దుకాణం తెరవాలి, గ్రామఫోను భోంగా గొట్టాన్ని కామారెడ్డి బజారు వైపు తిప్పాలి, తన సొంత కంపెనీ తొలి ప్లేటును రెండు పక్కలా ఒక్కసారి వినిపించాలి. జనం కొనుక్కుని పోతారు. మధ్యాహ్నానికి ఇంటికి వెళ్ళి రొట్టె తిని ఒక కునుకు తీయాలి. భార్య లక్ష్మీనర్సమ్మతో అదే చెప్పాడు. "కొనకపోతేనో?" అని ఆమె అడిగింది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె అడిగే ప్రశ్నలన్నీ అలాంటివే కాబట్టి, ఆశన్న చెప్పులేసుకున్నాడు.

కుట్టుమిషన్లు, గడియారాలు బాగుచేసుకుని బతికే మనిషికి ప్లేట్ల కంపెనీ ఎందుకంటే, దాని వెనక ఒక రోషం ఉంది. అప్పటికి, అంటే 1938 నాటికి, కామారెడ్డిలో ఓ పదిహేను ఇళ్ళలో గ్రామఫోను ఉండేది. వాటికి వచ్చే తెలుగు ప్లేట్లన్నీ మద్రాసు నుంచే. వాటిలో రాజులు, రాణులు, దేవుళ్ళు, ఆఖరికి తాగుబోతులు కూడా ఇక్కడ ఎవరూ మాట్లాడని తెలుగు మాట్లాడేవారు. "మన దిక్కు దేవుండ్లకు నోరు లేదా?" అని ఆశన్న కనబడ్డవాడినల్లా నిలదీసేవాడు. ఎవరూ పలక్కపోయేసరికి తనే కంపెనీ పెట్టాడు. ప్లేటు మధ్యన అంటించే కాగితం కోసం హైదరాబాదు ప్రెస్సుకు వెళ్తే, ఎప్పుడో దివాలా తీసిన అగ్గిపెట్టెల కంపెనీ తాలూకు కోడిపుంజు బొమ్మ అచ్చు చవగ్గా దొరికింది. అలా కంపెనీ పేరు కోడిపుంజు ఛాప్ అయింది.

గొంతు కోసం వెతకాల్సిన పని లేకపోయింది. ఎల్లారెడ్డి ఊరి పోచయ్య గొంతు ఆశన్న చెవుల్లో చిన్ననాటి నుంచీ ఉంది. పోచయ్య కులవృత్తి కథ చెప్పడం. అతను మల్లెలరాజు కథ ఎత్తుకుంటే మూడు రాత్రులు సాగేది. రాజు పాముకాటుకు చచ్చిపడే చోట, జీవితంలో ఎవరికీ ఏమీ ఇవ్వని షావుకార్లు కూడా కన్నీళ్ళు మాత్రం ఇచ్చేవారు. ఆ గొంతు పోచయ్యతో పాటే మట్టిలో కలిసిపోకూడదని ఆశన్న పట్టుదల. పట్టుదల మంచిదే. దానికి కాస్త తెలివి తోడుంటే ఇంకా మంచిది.

ఎండాకాలంలో పోచయ్యను హైదరాబాదు తీసుకుపోయాడు. బొంబాయి నుంచి మిషన్లతో వచ్చినవాళ్ళు ఒక హోటల్ గదిలో గోడలకు బొంతలు కట్టి పాటలు ఎక్కిస్తున్నారు. ప్లేటుకు ఒక్కో పక్క మూడు నిమిషాలు. మూడు రాత్రుల కథను ఆరు నిమిషాలకు కోయాలి. ఆశన్న ముందే కోసి పెట్టుకున్నాడు. మొదటి పక్క మల్లెలరాజు తల్లి దీవెన తీసుకుని బయల్దేరడం, రెండో పక్క పాముకాటు, చావు, భార్య ఏడుపు.

పోచయ్య ఒప్పుకోలేదు. "సేటూ, సంపినంక లేపాలె. లేపినంక మంగళం పాడాలె. గంతదాక ఇనేటోడు లేవద్దు, చెప్పేటోడు ఆగద్దు. సగంల ఇడిసిపెడితే ఆ సావు ఇన్నోళ్ళ ఇంటికి సుట్టుకుంటది."

"పోచన్నా, మంగళం ఎవడు కొంటడే? ఏడుపు కొంటరు గని! మనిషికి పట్టింపులుంటయి, ప్లేటుకేంది? అది లక్క ముద్ద."

"రాజును రెండో పక్కల లేపుత. సావు చిన్నగ జేస్త."

"చిన్నగ చస్తే ఎవడు ఏడుస్తడు?"

ఆశన్న మాటే చెల్లింది. పోచయ్య మల్లెలరాజును నిండుగా చంపాడు. భార్య ఏడుపు మధ్యలో ఉండగానే మిషనాయన చెయ్యి పైకెత్తాడు, అంతటితో సరి. పోచయ్య గదిలోంచి బయటికొచ్చి, హోటల్ వరండాలో గోడ వైపు తిరిగి నిలబడి, మిగిలిన కథంతా తనకు తానే పాడుకున్నాడు. రాజును లేపి, మంగళం ముగించి, అప్పుడు గాని మంచినీళ్ళు తాగలేదు. ఆశన్న అది చూసి నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చాలా ఖరీదు పడింది. అయితే పడింది ఆయనకు కాదు.

సరే, మంగళవారానికి వద్దాం. అది అంగడి రోజు. చావి తిప్పి సూది పెట్టగానే బజారు బజారంతా దుకాణం ముందు కూర్చుంది. కూరగాయలమ్మే లింగవ్వ గంప దించి మొదటి వరసలో చతికిలబడింది. మొదటి పక్క అయింది. జనం "ఆహా" అన్నారు. రెండో పక్క తిరిగింది. పాము కరిచింది, రాజు పడ్డాడు, భార్య జుట్టు విరబోసుకుని ఏడుపు అందుకుంది, అంతలో ప్లేటు మధ్యకొచ్చిన సూది గరగరమంది. ఆశన్న సూది ఎత్తి, చిరునవ్వుతో జనం వైపు చూశాడు. ఒక్కరూ కదల్లేదు.

"ఎవలెవలికి గావాలె?" అన్నాడు.

"తర్వాత?" అంది లింగవ్వ.

"తర్వాత లేదవ్వా. గంతే."

"గంతే అంటే? మనిషిని సంపి గంతే అంటవేంది కొడుకా? లేపు!"

"మల్లెలరాజు లేస్తడని నీకు తెల్వదా? ఎన్నిసార్లు ఇన్నవ్?"

"నాకు తెలిస్తే అయితదా? రాజుకు తెల్వాలె గద!"

జనం అవునవునన్నారు. పీనుగు నేల మీద ఉండగా లేచి ఇంటికి పోయి పొయ్యి ఎలా రాజేస్తారు? ఆశన్న బతిమాలాడు, కసిరాడు, చివరికి "లేచిండు, పెండ్లాంతోటి సల్లగున్నడు, పోండ్రి" అని తనే ప్రకటించాడు. "నువ్వు సంపినవా, నువ్వు లేపనీకి? ఎత్తుకున్న నోరే దించాలె" అని లింగవ్వ కొట్టిపారేసింది. బండ్లు నిలిచిపోయాయి. దారి ఆపింది ఎవరని అరుచుకుంటూ ఒక పోలీసు జవాను వచ్చాడు. సంగతేమిటో తెలియాలంటే వినాలి కదా అని ప్లేటు మళ్ళీ పెట్టించాడు. విన్నాక తానూ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇక గత్యంతరం లేక బస్సులో ఎల్లారెడ్డికి మనిషిని పంపారు. సాయంత్రం బస్సులో పోచయ్య దిగాడు. కాళ్ళు కడుక్కుని, నడుముకు గుడ్డ బిగించి, ప్లేటు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకున్నాడు. చావు నుంచి మంగళం దాకా సక్రమంగా చెప్తే నాలుగు గంటలు. జనం మనసారా ఏడ్చి, మనసారా నవ్వి, దులుపుకుని లేచారు. ఇవ్వాల్సిన బియ్యం, బట్ట ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళ తప్పేం లేదు. అవి కథ ఎత్తుకునేటప్పుడు పెట్టేవి, దించేటప్పుడు పెట్టరు. ఈ కథ ఎత్తుకున్నది ప్లేటు. ఆ కట్నం ప్లేటు ధర రూపంలో ఆశన్న గల్లాలోకి పోతుంది.

అంతటితో పోయేదే. కానీ ఆశన్న చురుకైన మనిషి. అప్పటికే భిక్నూరుకు, బీబీపేటకు, మద్నూరుకు డబ్బాల్లో ప్లేట్లు పంపేసి ఉన్నాడు. వారం తిరక్కుండా భిక్నూరు నుంచి మనిషి వచ్చాడు. శిస్తులు వసూలుచేసే మాలీపటేలు ఇంట్లో ప్లేటు పెట్టారు, కోడలు నిండు చూలాలు, పోచయ్య వెంటనే రావాలి. పోచయ్య వెళ్ళాడు. అక్కడ కథ దించుతుండగానే బీబీపేట కబురు. అక్కడి నుంచి మద్నూరు. మద్నూరులో సగం మంది మరాఠీవాళ్ళు. "మాట సమజ్ గాలే, సచ్చింది మాత్రం సమజైంది" అని వాళ్ళు కూడా మొండిగా కూర్చున్నారు.

ఆశన్న మొహమాటపడి బస్సు కిరాయి, పైన ఏదో కొంత ఇవ్వబోయాడు. పోచయ్య చెయ్యి చాపలేదు. "నా నోటితోటి జరిగిన తప్పు దిద్దుకునేటందుకు పైసలు తీస్కుంటనా సేటూ?" అన్నాడు. ఆశన్న గుండె బరువు దిగింది. నిజం చెప్పాలంటే, పైసలు మిగిలినందుకు కూడా కొంచెం దిగింది.

ఇక్కడే ఎల్లారెడ్డి పటేలు భూంరెడ్డి బుర్ర పనిచేసింది. ఏటా కల్లం దగ్గర పోచయ్యకు గింజలు కొలిచేది ఆయనే. ఇంట్లో శుభకార్యానికి కథ చెప్పించాలంటే పోచయ్యకు ఒక మేక, కొత్త బట్ట, మూడు పూటల తిండి వేరే. అదే ఒక ప్లేటు కొనుక్కుంటే? ఆరు నిమిషాలు తిప్పితే చాలు, పోచయ్య పరుగెత్తుకొచ్చి కథలోని అసలైన భాగమంతా ఊరికే చెప్పి పోవాలి. ఒక్కసారి కొన్న ప్లేటు ఎన్నిసార్లయినా తిరుగుతుంది. భూంరెడ్డి బిడ్డ నిశ్చితార్థానికి ఒకసారి తిప్పాడు, కొత్త ఎడ్లు కొన్నప్పుడు ఒకసారి తిప్పాడు, వియ్యంకులకు వినోదంగా ఉంటుందని ఇంకోసారి తిప్పాడు. "ప్లేటు నీది, పోచిగాడు ఫుకట్" అని తోటి పటేళ్ళకు చెప్పాడు. మంచి మాట చెవికెక్కడం కష్టం గాని, ఇలాంటిది చెప్తే కాళ్ళొచ్చి నడుస్తుంది.

కోడిపుంజు ఛాప్ ప్లేట్లు వేడి మిర్చీబజ్జీల్లా అమ్ముడయ్యాయి. గ్రామఫోను లేనివాళ్ళు ప్లేటు కొని పక్కింట్లో తిప్పించుకున్నారు. ఆశన్న రెండుసార్లు బొంబాయికి రాసి మళ్ళీ వేయించాడు. మనిషి లేకుండా గొంతు వినబడాలని ఆయన పెట్టిన కంపెనీ అది. జనం దాన్ని, గింజలు పెట్టకుండా మనిషిని రప్పించే యంత్రంగా కొన్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

దసరాకు ముందు పోచయ్య భార్య దుర్గవ్వ దుకాణానికి వచ్చింది. మెట్టు ఎక్కలేదు, కిందే నిలబడింది.

"సేటూ, రాజును లేపే ముచ్చట సుత ప్లేటుల ఎక్కియ్యుండ్రి. నా పెనిమిటి ఇల్లు మొకం జూసి నెల దాటింది. గొంతు బొంగురు వడుతున్నది. ఆ గొంతే మా పొలం, ఆ గొంతే మా ఎడ్లు. మాకు ఇంకోటి లేదు."

"ఎక్కిస్త దుర్గవ్వా. దసరా కానీ."

అది అబద్ధం కాదు, నిజమూ కాదు. రెండో ప్లేటు వస్తే పోచయ్యకు విడుదల. కానీ పోచయ్య రాడని తెలిస్తే మొదటి ప్లేటు ఎవడు కొంటాడు? ఆశన్న చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే రాత్రుళ్ళు నిద్ర పట్టేది. దసరా అయింది, దీపావళి అన్నాడు. దీపావళి అయింది, కోతలు కానీ అన్నాడు. లక్ష్మీనర్సమ్మ ఒకటే మాట అంది. "ఆయన గొంతు బతకాలనే గద కంపిని పెడితివి?" ఆశన్న ఈసారీ చెప్పులేసుకున్నాడు.

పుష్యమాసంలో మద్నూరు దగ్గర ఒక పల్లెలో, అదే రోజు అది రెండో ఊరు, పోచయ్య మల్లెలరాజును లేపుతుండగా గొంతు తెగింది. రాజు మోచేతి మీద లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు. పోచయ్య నోరు తెరుస్తున్నాడు, గాలి వస్తోంది, మాట రావడం లేదు. ఆ ఊరివాళ్ళు తెల్లవారే దాకా అలాగే కూర్చుని, చివరికి భయం భయంగా లేచి వెళ్ళారు.

అప్పుడు ఆశన్న పరుగెత్తాడు. మిరియాల కషాయం తాగించాడు, కరక్కాయ చప్పరింపించాడు, వైద్యుడెవరో చెప్పాడని మెడకు ఆముదపాకు కట్టించాడు. కొంచెం గురగుర వచ్చిన రోజున ఆగమేఘాల మీద హైదరాబాదు తీసుకుపోయి, మళ్ళీ వచ్చి దిగిన బొంబాయివాళ్ళ మిషన్ ముందు నిలబెట్టాడు. మిషనాయన చెవులకు పెట్టుకున్న గొట్టాలు తీసేసి తల అడ్డంగా ఊపాడు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ పోచయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆశన్నకు ఏడుపొచ్చింది. ఈసారి ప్లేటు అవసరం లేకుండానే వచ్చింది.

గోరుచుట్టు మీద రోకలిపోటులా ఎల్లారెడ్డిలో పెద్దమనుషులు కూడారు. ఇన్ని ఇళ్ళలో మల్లెలరాజు చచ్చిపడి ఉన్నాడు, దించేదెవరు? భూంరెడ్డి పటేలు గడ్డం నిమిరి తీర్పు చెప్పాడు. "పోచిగాడు లేపుత అంటే వద్దన్నది ఎవడు? ఆశన్న. అంటే రాజును సంపింది ఆశన్న. సంపినోడే లేపాలె." ఎవరికీ అభ్యంతరం కనబడలేదు. ఆశన్నకు కూడా కనబడలేదు. తనకేదో శిక్ష పడాలని ఆయన అప్పటికే కోరుకుంటున్నాడు.

అలా కోడిపుంజు ఛాప్ యజమాని నడుముకు గుడ్డ బిగించి ఊరూరా కథ దించడానికి బయల్దేరాడు. పక్కన పోచయ్య కూర్చుని పెదవులు కదిపేవాడు, ఆశన్న ఆ పెదవులు చూసి పాడేవాడు. ఆయన గొంతు సంగతి ఏమని చెప్పాలి? ఆయన బాగుచేసే కుట్టుమిషన్లు బాగుకాక ముందు అలాంటి చప్పుడే చేసేవి. భిక్నూరులో పిల్లలు జడుసుకున్నారు. బీబీపేటలో ఒక ముసలాయన చెవులు మూసుకుని, "పండుకోనియ్యుండ్రయ్యా ఆ రాజును, ఎందుకు లేపి సంపుతరు?" అన్నాడు.

వచ్చేది ఆశన్న అని తెలిశాక ప్లేటు తిప్పే సాహసం ఎవరూ చేయలేదు. కొన్నవాళ్ళు తెచ్చి దుకాణం గుమ్మంలో పడేసి పోయారు. అరిష్టపు సరుకు ఇంట్లో ఉంచుకోకూడదట. మళ్ళీ దసరా వచ్చేలోపల కంపెనీ మూతపడింది. భూంరెడ్డి కూడా తన ప్లేటు తిరిగి పంపాడు, బాగా అరిగిపోయిన తర్వాత.

ఆశన్న ఆ కుప్పలోంచి గీత పడని ప్లేటు ఒకటి ఏరి, దుకాణంలోని మంచి గ్రామఫోను ఒకటి బట్టలో చుట్టి, ఎల్లారెడ్డికి మోసుకుపోయి పోచయ్య గుడిసెలో పెట్టాడు. చావి ఎలా తిప్పాలో, సూది ఎలా మార్చాలో చూపించాడు. పోచయ్య తన గొంతు తాను విన్నది అదే మొదటిసారి. హైదరాబాదులో పాడాడే గాని, ప్లేటు మోగే చోట ఎప్పుడూ లేడు. అతన్ని ఎప్పుడూ ఆఖరున కదా పిలిచింది. విన్నాడు. దుర్గవ్వ చెయ్యి పట్టుకున్నాడు. మొదటి పక్క కాగానే, మళ్ళీ అదే పక్క పెట్టమని సైగ చేశాడు. ఆశన్న చేసిన పనుల్లో మంచిదనదగ్గది అదొక్కటే. లక్ష్మీనర్సమ్మ కూడా ఆ రోజు ఏమీ అడగలేదు.

కోతలయ్యాయి. పోచయ్యకు రావలసిన గింజలు చేరాయో లేదో చూసి పోదామని ఆశన్న ఎల్లారెడ్డి వెళ్ళాడు. భూంరెడ్డి కల్లం దగ్గర చాకలికి, మంగలికి, కుమ్మరికి వడ్లు కొలుస్తున్నారు. పోచయ్య, దుర్గవ్వ ఖాళీ గోనె పట్టుకుని ఓ పక్కన నిలబడి ఉన్నారు. కుంచం వాళ్ళ వైపు తిరగలేదు.

"పటేలా, పోచన్నను మర్సినట్టున్నరు" అన్నాడు ఆశన్న.

"మర్సలే. వీని దొంగతనం మర్సలే." భూంరెడ్డి పోచయ్య వైపు చెయ్యి చూపించాడు. "గొంతు వోయిందని ఊరంతటికి జెప్పి, ఊళ్ళె కథ చెప్పుడు బంజేసిండు. ఇంట్ల కూసొని పెండ్లానికి మాత్రం రోజు పాడుతుండు! వాని గుడిసె దిక్కుకెల్లి పోంగ నేనే నా చెవులార ఇన్న."

పోచయ్య నోరు తెరిచాడు. గాలి వచ్చింది.

"సూడు, ఎంత మంచిగ నటిస్తుండో. కథలోడు గద!" అన్నాడు పటేలు. కల్లంలో ఉన్నవాళ్ళు నవ్వారు.

"అయ్యో, అది ప్లేటు పటేలా! నేనే ఇచ్చిన. మిషిన్ల ప్లేటు!"

"ప్లేటు సంగతి నాకు జెప్తవా? నీ ప్లేటును నాకన్న ఎక్కువ ఇన్నోడు లేడు. ప్లేటుల మల్లెలరాజు చస్తడు. నెల దినాల సంది ఇంటున్న, ఒక్క దినమన్న సావలే."

"ఒకటే పక్క పెట్టుకుంటుండు పటేలా, తిప్పుతలేడు..."

"గా మంచి పక్క ఇడిసిపెట్టి? ఎందుకు?"

"సావు ఇంటే దించెటోడెవడు దొరా, గొంతు పాయె" అంది దుర్గవ్వ, తల ఎత్తకుండా. పటేలు ఆమె మాట విననే లేదు.

"నేను వోయి మిషిన్ పట్కస్త" అన్నాడు ఆశన్న. "మీ ముంగటే పెడత, రెండో పక్క సుత పెడత. అప్పుడన్న నమ్ముతరా?"

కుంచం పట్టుకున్నవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వడ్ల రాశి ముంగట సావు పెడతవా? మళ్ళ దించేటందుకు నువ్వు పాడుతవా?" భూంరెడ్డి లేచి నిలబడ్డాడు. "నడువ్, నడువ్. అయినా ప్లేటు గొంతు ఎట్లుంటదో నాకెరుకలేదా? డబ్బల తల పెట్టి మాట్లాడినట్టుంటది. నేనిన్నది అచ్చం మనిషి గొంతు. పానమున్న గొంతు."

కోడిపుంజు ఛాప్ ప్లేటు నాణ్యత గురించి ఆశన్నకు దక్కిన మెప్పు అదొక్కటే.